తెల్ల కాయిదం

దామరచర్ల దాటినంక
రైలుపట్టా ఒకటి పక్కకు ఒంగి
బొగ్గు దిబ్బల నడుమకు పోతది.
అక్కడ సముద్రం లేదు.
అయినా లారీ డ్రైవర్లు ఆ జాగను
పోర్టు అనే పిలుస్తరు.

ఓడల దిగిన బొగ్గు గద.
ఏ దేశం కడుపు తవ్వి తెచ్చిన్రో నాకెరుక లేదు.
నాకెరుకైంది ఒక్కటే:
బోట్యా తండ బడి మిద్దె మీద
రేకు టోపీ పెట్టుకున్న మిషను,
దాని నోట్లె పలకంత తెల్ల కాయిదం.

వారానికి రెండుసార్లొచ్చి మారుస్త.
చిమ్టాతోనే పట్టాలె, చెయ్యి తగలొద్దు,
చెమట గూడ తూకానికొస్తది.
నల్లగొండ ల్యాబుల
పెట్టేముందు ఒక తూకం, తీసినంక ఒక తూకం.
ఆ రెండింటి నడుమ ఎంత తేడా ఉంటే
ఆ దినం ఈ తండ అంత పీల్చినట్టు.

ధీరావత్ మంగ్తి బడిల వంట చేస్తది.
మిద్దె మీద కడిగిన బియ్యం ఆరబోస్తే
పొద్దుగూకేటాళ్లకు సగం నువ్వులైతయి.
ఏరుకుంట ఏరుకుంట ఒకనాడు అడిగింది,
"నీ మిషను ఏం తింటది బిడ్డా?"
"గాలి."
"మేం తినేది గూడ గదే గద.
మరి మా లోపలి కాయిదం ఎవ్వరు మారుస్తరు?"

నేను నవ్విన.
నవ్వకుండ ఉండాల్సింది.

మూడేండ్ల కింద శిక్షణకని
ఇశాకపట్నం తోలిండ్రు నన్ను.
ఓడను చూసుడు అదే మొదలు.
తండ తండంత ఎక్కినా ఇంకా జాగ మిగులుతది.
హార్బరు గోడ మీద గిదే మిషను, గిదే రేకు టోపీ,
పక్కకు ఎర్ర అంకెల బోర్డు.
చేపల గంప ఎత్తుకున్న ఒకామె
తలెత్తి బోర్డు చూసింది,
కొంగు ముక్కుకు చుట్టుకొని పోయింది.
అంతే. ఎవ్వరినీ ఏమీ అనలేదు.

ఇక్కడ బోర్డు లేదు.
అంకె జీపెక్కి నల్లగొండకు పోతది,
ఫైలుల పండుకుంటది,
మళ్ల ఈ తొవ్వ తొక్కదు.

పెద్దసార్లొచ్చే దినం
నీళ్ల ట్యాంకరొచ్చి దిబ్బలకు తానం పోస్తది.
ఆ దినం తీసిన కాయిదం
అప్పుడే ఉతికిన ధోతి లెక్కుంటది.

మొన్న మాఘంల ఒక రాత్రి
కరెంటు పోయి పోయి వస్తున్నదని
మిషను పక్కనే పండుకున్న.
రెండు గంటలకు బండి వచ్చింది.
యాభై ఎనిమిది వ్యాగన్లు, లెక్కపెట్టిన.
కడుపులు తెరిచిన చప్పుడు,
తర్వాత ఏ చప్పుడూ లేని పొగ.
చందమామ చాయ రంగుకొచ్చింది.
కింద ఏదో ఇంట్ల పసిపిల్ల దగ్గు,
ఆగి, మళ్ల దగ్గు.
మిషను మాత్రం ఊగకుండ, దగ్గకుండ
తన పని తను చేసింది.

తెల్లారి మూత తీస్తే
పలకే. నిజంగనే పలక.

"కరెంటు పోయిందని రాయి" అన్నడు మా సూపర్‌వైజరు.
కరెంటు పోయిన మాట నిజమే,
పదకొండు నిమిషాలు.
గంటల మీటరుకు అబద్ధం నేర్పిచ్చుడు నాకు రాదు.
రిజిస్టరుల ఆయన ఏం రాసుకున్నడో నేను చూడలే.

మళ్ల వారం పోయినప్పుడు
బడి గోడ మీద సుద్దతోని రాసిన:
రెండొందల అరవై నాలుగు.
కింద చిన్నగ:
నూరు దాటొద్దు.

సాయంత్రానికి ఎవరో తడిబట్టతోని తుడిచిండ్రు.
కని మూడో తరగతోళ్లు అప్పటికే
ఎక్కాల కింద కలుపుకొని
నోటికి పట్టిండ్రు దాన్ని.

మంగ్తి ఇప్పుడు బియ్యం
గదిలోపలనే ఆరబోస్తున్నది, తలుపేసి.
పోరగాండ్లు మాత్రం
బయటనే ఆడుతున్నరు.